బండికి రాడ్డు వేస్తే కాల్లో రాడ్డు పడదా?

కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల శాఖ మంత్రి గారికి,



నేను పాలిటెక్నిక్ కాలేజీ వర్క్‌షాపులో పిల్లలకు వెల్డింగు, ఫిట్టింగు నేర్పి రిటైరైన వాణ్ణి. ఉద్యోగం నన్ను వదిలినా పాత శిష్యులు వదల్లేదు. కొత్త బండి కొన్నవాడు దాన్ని తెచ్చి మా గేటు ముందు ఆపి, స్వీటు పెట్టె చేతిలో పెట్టి, వెంటనే అడిగేది ఒకటే: "మాస్టారూ, దీనికి ఏ గార్డ్ వేయించమంటారు?" టైర్ల గురించి అడగరు, బ్రేకుల గురించి అడగరు. ఇంజిన్‌కు రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చే ఆ వంపు పైపు గురించే వాళ్ల బెంగంతా. నాకు తెలిసింది నేను చెబుతూనే ఉన్నాను. కానీ ఆ జవాబులో సగం నేను చెప్పాల్సింది కాదు, మీ శాఖ చెప్పాల్సింది. అందుకే ఈ ఉత్తరం.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక యాక్సెసరీల కొట్టాయన గార్డు అమ్మే తీరు చూశాను. మా వైపు కాలు విరిగి ఆపరేషనైతే "రాడ్డు వేశారు" అంటాం కదా, ఆయన దాన్నే పట్టుకున్నాడు. "బండికి రాడ్డు ఉంటే కాల్లో రాడ్డు పడదండీ" అన్నాడు. అంతే, బేరం అయిపోయింది. కొన్న కుర్రాడు ధర కూడా పెద్దగా తగ్గించమనలేదు. ఆ పైపు ఎంత దెబ్బకు వంగుతుంది, దేన్ని కాపాడుతుంది, దేన్ని కాపాడదు అన్న ముక్క దాన్ని చుట్టుకొచ్చిన అట్ట మీద ఎక్కడా లేదు. తయారు చేసినవాడి ఊరు పేరు కూడా లేదు.

కొట్టాయన మాట ఉత్త అబద్ధమని నేననను. మా డెల్టా ఊళ్లలో మనుషులు బండి మీద నుంచి ఎలా పడతారో చూస్తే అందులో ఉన్న నిజం తెలుస్తుంది. దమ్ము చేసిన ట్రాక్టరు పొలంలోంచి రోడ్డెక్కిందంటే చక్రాలకు పట్టిన బురద పెళ్లలు పెళ్లలుగా తారు మీద రాలుతుంది. దాని మీద నాలుగు చినుకులు పడ్డాయా, ఇక ముందు చక్రం నిలవదు. కోతలయ్యాక సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, తొక్కకుండా అంచున రాళ్లు పేరుస్తారు. చీకట్లో ఆ రాళ్లు కనబడవు. మలుపులో ఇసుక లారీ వదిలిపోయిన ఇసుక, అడ్డంగా పరిగెత్తే కుక్క సరేసరి. వీటిల్లో బండి వేగం ఇరవయ్యో ముప్పయ్యో ఉంటుంది. బండి పక్కకు ఒరుగుతుంది, మనిషి కాలు ఇంజిన్‌కూ రోడ్డుకూ మధ్య పడుతుంది. పైన నూరు కిలోలు దాటిన ఇనుము, కుడి వైపు పడితే పిక్కకు ఆనుకుని కాలే సైలెన్సర్. గార్డు ఉంటే బండి నేలకు పూర్తిగా అతుక్కోదు. ముందు గార్డు మీద, వెనక ఫుట్‌రెస్ట్ మీద ఆని కొంచెం లేచి ఉంటుంది. ఆ సందులోంచి కాలు లాక్కోవచ్చు. క్లచ్ కవర్ పగలదు, ఆయిల్ కారదు, గేర్ రాడ్డు వంగదు. లేచి, ప్యాంటు దులుపుకుని, అదే బండి మీద ఇంటికి పోవచ్చు. సైడ్ స్టాండు జారి పడిపోయిన బండికీ ఇదే లాభం. ఈ మేరకు గార్డు వేయించుకోవాలనే నేనూ చెబుతాను.

చిక్కు మిగతా సగంతో. కారో లారీయో వచ్చి గుద్దినప్పుడు సంగతేమిటి? అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తరఫున హ్యారీ హర్ట్ అనే పరిశోధకుడు తన బృందంతో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటార్ సైకిల్ ప్రమాదాలను అవి జరిగిన చోటికే వెళ్లి పరిశీలించారు. 1981లో నివేదిక వచ్చింది. క్రాష్ బార్లు, అంటే మనం గార్డులనేవే, ఫలితమిచ్చే రక్షణ కాదని అందులో తేల్చేశారు. పాదానికీ చీలమండకూ దెబ్బలు తగ్గిన మాట నిజమే, కానీ తొడకూ మోకాలికీ మోకాలి కింది భాగానికీ దెబ్బలు పెరిగి ఆ లాభాన్ని మింగేశాయి. ఆ బండ్లు వేరు, ఆ రోడ్లు వేరు అనొచ్చు. ఒప్పుకుంటాను. కానీ వర్క్‌షాపు మనిషిగా నాకు ఆ ఫలితంలో వింతేమీ కనబడదు. గుద్దుకున్న క్షణంలో కాలు ఫుట్‌రెస్ట్ మీద బుద్ధిగా కూర్చోదు. బండి ఆగుతుంది, మనిషి ఆగడు. ముందుకు దూసుకుపోయే మోకాలికీ తొడకూ మొదట ఎదురయ్యేది ఆ పైపే.

బ్రిటన్‌లోనూ ఈ తగవు నడిచింది. 1980లలో అక్కడి ప్రభుత్వ రవాణా పరిశోధన ప్రయోగశాల కాళ్ల రక్షణకని ప్రత్యేకమైన కవచాలను బండ్లకు బిగించి పరీక్షించి, మేలు ఉందంది. తయారీ కంపెనీలు ఎదురు తిరిగాయి. కాళ్లను అక్కడ ఆపితే పై శరీరం ఎగిరే తీరు మారిపోతుందని, దెబ్బ తలకు తగులుతుందని వాటి వాదన. ఎవరిది ఎంత నిజమో తేల్చాలంటే అందరూ ఒకే పద్ధతిలో పరీక్షించాలి. అలాంటి పద్ధతి 1996లో అంతర్జాతీయ ప్రమాణంగానే వచ్చింది. దాని పేరు ఐఎస్ఓ 13232; మోటార్ సైకిల్‌కు బిగించే రక్షణ పరికరాలు మనిషికి మేలు చేస్తాయా కీడు చేస్తాయా అని కొలిచే విధానం. అంటే ప్రపంచం ఈ ప్రశ్నను కొట్టాయనకు వదిలేయలేదు. మనం వదిలేశాం.

ఇక శిష్యులకు నేను చెప్పేది. ముందు మెరుపు చూడొద్దంటాను, పట్టు చూడమంటాను. గార్డు బండిని ఎక్కడ పట్టుకుందన్నదే అన్నిటికంటే ముఖ్యం. కొన్ని చాసిస్ ముందు పైపును యూ క్లాంపులతో పట్టుకుంటాయి. కొన్ని ఇంజిన్‌ను చాసిస్‌కు బిగించే బోల్టులనే వాడుకుంటాయి. ఈ రెండో రకం చూడ్డానికి కుదురుగా, కంపెనీదిలా ఉంటుంది. కానీ బండి పడ్డప్పుడు దెబ్బ ఆ బోల్టు మీదుగా ఇంజిన్ కేసింగ్ చెవికి పోతుంది. ఆ చెవి పోత అల్యూమినియం. పోత లోహం వంగి ఊరుకోదు, పుటుక్కున విరుగుతుంది. పైపు చెక్కుచెదరక, ఇంజిన్ చెవి ఊడిపోయిన బండి ఒకటి మా వర్క్‌షాపుకు అతుకు వేయమని వచ్చింది. గార్డు కొన్న డబ్బుకు ఎన్నో రెట్లు కేసింగ్ మార్పుకు అవుతుంది. ఇంజిన్ బోల్టును వాడుకున్నా సరే, బరువులో ఎక్కువ పాలు చాసిస్ మోసేలా పైన ఇంకో పట్టు ఉండాలి. ఎడమ గార్డునూ కుడి గార్డునూ కలిపే అడ్డ పైపు ఉంటే మరీ మంచిది. కింద ఒక్కటే క్లాంపు ఉన్న గార్డు పడ్డప్పుడు గిర్రున తిరిగి బ్రేక్ పెడల్ మీదికో, కాపాడాల్సిన కాలి మీదికో వస్తుంది.

"బాగా గట్టిది కావాలి మాస్టారూ" అంటారు. ఇక్కడే నాకు కోపం వస్తుంది. గార్డు వంగాలి. వంగడమే దాని ఉద్యోగం. అది వంగుతూ దెబ్బను మింగాలి. వంగనంత మొద్దు పైపు వేస్తే దెబ్బంతా చాసిస్‌కు చేరుతుంది. వంగిన గార్డును విప్పి పాత ఇనుముకు వేసి కొత్తది కొనుక్కోవచ్చు. వంగిన చాసిస్‌ను ఏం చేస్తాడు? దాని మీద నంబరు కొట్టి ఉంటుంది, అది మార్చడమంటే ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరగడమే. అలాగని కాగితంలా పల్చటిదీ వద్దు. అంగుళం పైపులో పదహారు గేజ్ అంటే గోడ మందం 1.6 మిల్లీమీటర్లు, పద్నాలుగు గేజ్ అంటే దాదాపు 2. మామూలు బండికి ఈ మధ్యన ఉంటే చాలునని నా లెక్క. లోపల నిండుగా ఉండే కడ్డీతో చేసినవీ ఉన్నాయి. అవి బరువు తప్ప ఇంకేమీ ఇవ్వవు.

మందం ఎలా తెలుస్తుందంటారా? పైపు కొసన ప్లాస్టిక్ మూత ఉంటుంది. గోరుతో లాగితే వస్తుంది. వెర్నియర్ ఉంటే అంచు మీద పెట్టి కొలవొచ్చు. నా శిష్యుడొకడు జేబులోంచి వెర్నియర్ తీసి కొట్లో ఆ పని చేస్తే, కొట్టాయన వాణ్ణి ఇన్‌కమ్ ట్యాక్స్ ఆఫీసర్‌ను చూసినట్టు చూశాడు. వెర్నియర్ లేనివాళ్లకు వంపు చెబుతుంది. వంపు లోపలి వైపు బొటనవేలితో తడిమితే ముడతలు తగిలాయంటే పైపును సరైన అచ్చు మీద వంచలేదని అర్థం. వంపు దగ్గర గుండ్రం పోయి చప్పిడి అయిందంటే బలం అక్కడే సగం పోయింది. పడ్డప్పుడు అక్కడే మడత పడుతుంది. తర్వాత పట్టీ పైపును కలిసే చోట వెల్డింగు చూడాలి. చుట్టూ వరసగా పూస పరిచినట్టుండాలి. మూడు చుక్కలు పెట్టి పైన నల్ల రంగు కొట్టి పంపిన సరుకు ఎంతో ఉంది. రంగు బాగా మందంగా కొట్టారంటే అక్కడ ఇంకాస్త దగ్గరగా చూడమంటాను.

స్టెయిన్‌లెస్ స్టీల్ మోజు గురించి ఒక మాట. అయస్కాంతం పట్టుకెళ్లి అంటుకోకపోతే అసలు సరుకు అని మురిసిపోతారు. 304 రకమూ అంటుకోదు, అంతకంటే చవకైన 202 రకమూ మామూలుగా అంటుకోదు. పైగా 304 పైపునే చల్లగా వంచితే వంపు దగ్గర కాస్త అంటుకుంటుంది కూడా. అంచేత ఆ పరీక్షతో ఏమీ తేలదు. తుప్పు భయమే అయితే మామూలు ఉక్కుకు పౌడర్ కోటింగ్ చాలు. నీరు లోపల నిలవకుండా అడుగున చిన్న బెజ్జం ఉందో లేదో చూసుకుంటే ఇంకేం అక్కర్లేదు.

కొనే ముందు బిగించి చూడాలి. బూట్లతో ఎక్కి కూర్చుని బ్రేకు నొక్కాలి, గేరు వేయాలి, కాలు కింద పెట్టి తీయాలి. పాదం పైపుకూ ఇంజిన్‌కూ మధ్య ఇరుక్కునే సందు ఉంటే ఆ గార్డు వద్దు. ముందు బ్రేకు పట్టి బండిని గట్టిగా కిందికి అదిమినప్పుడు మడ్‌గార్డు వెనక్కొచ్చి పైపుకు తగలకూడదు. అన్నిటికీ మించి వెడల్పు. హైదరాబాద్‌లో ఆర్టీసీ బస్సుకూ ఆటోకూ మధ్య దూరేవాడు సందును హ్యాండిల్‌తో కొలుచుకుంటాడు. హ్యాండిల్ పట్టింది కదా అని దూరితే, దానికంటే వెడల్పైన గార్డు ఆటో చక్రాన్నో డివైడర్‌నో పట్టుకుంటుంది. ఇక ఆ పడటం మామూలుగా ఉండదు. మరీ కిందికి దిగిన గార్డు మలుపులో బండి వాలినప్పుడు నేలకు రాసుకుని టైరును లేపేస్తుంది.

స్కూటర్లకు చుట్టూ బిగించే మెరుపు కడ్డీల గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. అమ్మాయికి బండి కొనిచ్చిన తండ్రి ప్రేమ కొద్దీ పెరటికి కంచె వేసినట్టు నాలుగు వైపులా వేయిస్తాడు. అవి పెయింటును కాపాడతాయి. కాలును కాపాడతాయన్న భ్రమలో మాత్రం ఉండొద్దు.

ఇంకో అలవాటు ఉంది. పదహారో నంబరు జాతీయ రహదారి మీద సాయంత్రం పూట నిలబడి చూడండి, గార్డు మీద రెండు కాళ్లూ చాపుకుని ఎనభైలో పోయే కుర్రాళ్లు కనబడతారు. కాళ్ల రక్షణకని వేసిన పైపు, కాలిని బ్రేకుకు దూరం చేసే పీట అయింది. దానికే కూరగాయల సంచి తగిలిస్తారు, కంటిలో పొడిచే ఎల్‌ఈడీ లైట్లు బిగిస్తారు.

అయ్యా, ఇదంతా నేను పది మందికి చెప్పగలను. కోట్ల మందికి చెప్పాల్సింది మీరు. మీ శాఖ లెక్క ప్రకారమే 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. తల సంగతి మీరు పట్టించుకున్నారు. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ తయారు చేయడం, అమ్మడం కుదరదన్నారు. చీర కొంగు సంగతి అంతకు ముందే పట్టించుకున్నారు. కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 123వ నిబంధన, వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రాన్నైనా కప్పే గార్డు తయారీదారే ఇవ్వాలంటుంది. తలకూ కొంగుకూ మధ్యన కాలొకటి ఉంది. హెల్మెట్‌కు ఉన్నటువంటి తప్పనిసరి గుర్తు దాని పేరు మీద అమ్మే గార్డుకు లేదు.

గుర్తు లేకపోగా భయం ఉంది. 2017 డిసెంబర్‌లో మీ శాఖ రాష్ట్రాలకు ఉత్తరం రాసింది. వాహనాలకు అనుమతి లేకుండా క్రాష్ గార్డులు, బుల్ బార్లు బిగించడం మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్‌కు విరుద్ధమని, చర్య తీసుకోవాలని అందులో ఉంది. కారు ముందు బిగించే బుల్ బార్ పాదచారిని చంపగలదు. ఆ మాట నూటికి నూరు పాళ్లు సరైనది. కానీ మోటార్ సైకిల్ పక్క గార్డు ఆ మాటలోకి వస్తుందా రాదా? వాహనం నిర్మాణం మారి దాని మౌలిక లక్షణం మారితేనే మార్పు అని 52వ సెక్షన్ వివరణే చెబుతోంది. నాలుగు బోల్టులు విప్పితే ఊడొచ్చే పైపుతో మౌలిక లక్షణం మారుతుందా? 2019 సవరణలో 182ఎ సెక్షన్ వచ్చింది. అనుమతి లేని రీతిలో వాహనాన్ని మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అంటుంది. అదే ఏడాది జనవరిలో, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు కూడా తేల్చింది. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చదివితే నాకే తల తిరిగింది, జంక్షన్‌లో నిలబడ్డ కానిస్టేబుల్ ఏం చేస్తాడు? నా శిష్యుణ్ణి ఒక ఊళ్లో ఆపి గార్డుకు చలానా రాశారు. పక్క ఊళ్లో అదే బండిని ఆపి కాగితాలు చూసి పొమ్మన్నారు. ఇంతకీ ఆ గార్డు వాడు బయట కొన్నది కాదు. బండి ఇచ్చేటప్పుడే షోరూమ్‌లో సీటు కవర్‌తో, మ్యాట్‌తో కలిపి బిల్లులో వేసి బిగించిచ్చారు. వద్దంటే డెలివరీ ఆలస్యమవుతుందన్నారట.

నేనడిగేది పెద్దదేమీ కాదు. మోటార్ సైకిల్‌కు ఎలాంటి గార్డు చట్టానికి లోబడి ఉంటుందో ఒక నోటిఫికేషన్‌లో తేల్చండి. కారు బుల్ బార్‌నూ దీన్నీ ఒకే గాటన కట్టొద్దు. పుణేలోని వాహన పరిశోధన సంస్థ ఏఆర్‌ఏఐ ప్రచురించే ఏఐఎస్ వాహన ప్రమాణాల వరసలో దీనికొకటి రాయించండి. నా దృష్టిలో మొదటి పరీక్ష చాలా తేలిక. గార్డు బిగించిన బండిని నిలబెట్టి ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి పడేయాలి. పడ్డాక ఇంజిన్‌కూ నేలకూ మధ్య కాలు పట్టేంత చోటు మిగిలిందా, పట్టు ఉన్న చోట చాసిస్ గానీ ఇంజిన్ చెవి గానీ చెదిరిందా అని చూడాలి. హ్యాండిల్ కంటే వెడల్పు ఉండకూడదు. ఇది నెగ్గిన గార్డు మీద "నిదానంగా పడ్డప్పుడు బండిని కాపాడుతుంది, ఢీకొన్నప్పుడు కాలును కాపాడుతుందని హామీ లేదు" అని తెలుగులో, ఆయా రాష్ట్రాల భాషల్లో చెక్కించాలి. కాదు, మా గార్డు ఢీకొన్నప్పుడు కూడా కాలును కాపాడుతుంది అనేవాడుంటే వాడు ఐఎస్ఓ 13232 ప్రకారం నిరూపించుకుని వచ్చాకే ఆ మాట అట్ట మీద వేసుకోవాలి. షోరూమ్‌లో గార్డును బండి ధరలో కలిపేయకుండా వేరే బిల్లు, వేరే సంతకం ఉండాలి.

ఒక్క జాగ్రత్త కోరతాను. పరీక్ష పేరు చెప్పి ఆటోనగర్ పైపు బెండర్లను, హైదరాబాద్ రాణిగంజ్ చిన్న కొట్లను మూయించేలా రుసుములు పెట్టొద్దు. అచ్చు సరైనది ఇస్తే, మందం ఇంత ఉండాలని చెబితే, వాళ్లు పెద్ద ఫ్యాక్టరీకి తీసిపోని వంపు తీయగలరు. వాళ్లలో కొందరి చేతిపని నాకు తెలుసు, నేర్పినవాళ్లలో నేనూ ఒకణ్ణి. మొదటి పరీక్షకు ప్రయోగశాలలు అక్కర్లేదు. ఒక పాత బండి, సిమెంటు గచ్చు, టేపు, వెర్నియర్ చాలు. ఇవి జిల్లాకొక పాలిటెక్నిక్‌లో ఇప్పుడే ఉన్నాయి, వేసవి సెలవుల్లో ఖాళీగా కూడా ఉంటాయి. పరీక్ష ఎలా జరపాలో అంచెలంచెలుగా రాసిన ముసాయిదా నా దగ్గర సిద్ధంగా ఉంది. మీ శాఖ అడిగితే కొలతల బొమ్మలతో సహా పంపుతాను.

భవదీయుడు,
ఒక రిటైర్డ్ వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టర్,
గుంటూరు